ఘాటు మలుపు కాడ మా అత్త

మా అత్త పోయిన ముచ్చట చుట్టాలకంటే ముందు సావుకారుకు ఫోన్ చేసి చెప్పిన. చెప్పక తప్పదు. ఆయన పట్టు, ఆయన జరీ మా ఇంట్ల ఉంటయి. "అయ్యో, పెద్దామె పోయిందా! మొన్ననే గద మాట్లాడింది" అన్నడు. పాపం, నిజంగనే బాధపడ్డడు. గొంతు తగ్గించి, "మగ్గం మీద ఏముందమ్మా?" అని అడిగిండు. గద్వాలల నేసేటోళ్ల ఇంట్ల చావైతే వచ్చే రెండో మాట గదే. నాకు కోపం రాలే. "మగ్గం మీదున్నది మీది గాదు సేటు, మా అత్తది. సగంల ఉంది" అని చెప్పి ఫోన్ పెట్టేసిన.

ఆ సగం చీర గురించి, ఆ చీర కోసం మా అత్త ఎండల, వానల, చలిల పోయి కూసున్న ఒక ఘాటు రోడ్డు మలుపు గురించి చెప్తే ఆమె ఎట్లాంటి మనిషో మీకు తెలుస్తది. వేరే తీరుగ చెప్పుడు నాకు రాదు.

మాది గుంత మగ్గం. గద్వాల చీర ఒక్కరు నేసేది గాదు. నడుమంత నూలు, అంచులు పట్టు. అడ్డం పోగు, అంటే పేక, పోయినప్పుడల్లా నూలు పోగును, పట్టు పోగును ఒకదాంతోని ఒకటి మెలేస్తేనే అంచు చీరను పట్టుకుంటది. అందుకని మగ్గం మీద ఇద్దరు కూసోవాలె. కుడిదిక్కు మా అత్త, ఎడమదిక్కు నేను. పెండ్లయి వచ్చిన కొత్తలనే నన్ను తెచ్చి ఆమె పక్కన గుంతల దించిన్రు. అప్పటికెల్లి నా సంసారం మా ఆయనతోని కంటే మా అత్తతోనే ఎక్కువ నడిచింది. పొద్దంత ఆమె పక్కన, తిన్నంక ఆమె పక్కన, ఒకరి మీద ఒకరం గులుగుకుంట. కొట్లాడుకున్న రోజు గూడ అడ్డం పోగును మోసే నాడె ఆమె చేతులకెల్లి నా చేతులకు రావాలె, నా చేతులకెల్లి ఆమె చేతులకు పోవాలె. మాటలు బందయితుండె గని నాడె బంద్ అయితుండకపోయేది.

రంగు మాత్రం ఎన్నడూ మా చేతుల లేదు. సావుకారు నిలువు పోగుల పడుగు పంపిస్తడు, పట్టు పంపిస్తడు, డిజైన్ పంపిస్తడు. నెమలి కంఠం రంగుకు ఎర్ర అంచు అంటే ఎర్ర అంచే. మా అత్త పిల్లగున్నప్పుడు వాళ్ల నాయిన మగ్గం మీద కూసున్న కాడికెల్లి ఎన్ని చీరలు దించిందో ఆమెకే తెల్వదు. అండ్ల ఒక్కదాని రంగు గూడ ఆమె చెప్పింది గాదు. ఇంక ఆమె కట్టుకునేటియి కొడుకు పండుగకు తెచ్చే పాలిస్టర్ చీరలు. అవి గూడ ఆమె ఏరుకున్నయి గావు. "ఏదైతే ఏంది, ఒళ్లు కప్పితే సాలు" అనేది. ఆమెకు రంగు మీద ధ్యాస లేదనే నేను గూడ అనుకున్న.

ఒక ఏడు శివరాత్రి రద్దీ తగ్గినంక శ్రీశైలం బయలెల్లినం, నేను, మా ఆయన, అత్త. ఆమె అంతకుముందు పోయిన దూరం అటు ఆత్మకూరు, ఇటు బీచుపల్లి. కృష్ణ అంటే ఆమెకు బీచుపల్లి హనుమంతుని గుడి కాడ పారే నీళ్లే. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి, మన్ననూరు కాడ అడవిలకు జొర్రినంక అందరం నిద్ర పోయినం. ఘాటు దిగే ముందర ఒక మలుపు కాడ బస్సు టైరు పంచరైంది. అందరం దిగినం. జనమంత టైరు చుట్టూ మూగిన్రు. ఒకాయన జాకీ ఎట్ల పెట్టాలో డ్రైవరుకే నేర్పిస్తుండె. కోతులు మా సంచుల మీద కన్నేసినయి. నేను కట్టె పట్టుకొని కోతులను అదిలిస్తుంటే పక్కన అత్త కనవడలే. పరేషానయి చూసిన. ఆమె రోడ్డు అవతల రాతిగోడ కాడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డది.

పోయి పక్కన నిలబడ్డ. గోడ కిందికెల్లి కొండ ఒక్కపారే దిగిపోయింది. గుట్ట ఎనక గుట్ట, దాని ఎనక ఇంకో గుట్ట. ఆకు రాలిన అడవంత బూడిద రంగుల ఉంటే, నడుమ నడుమ మోదుగులు ఎర్రగ మండుతున్నయి. అన్నిటికంటే కింద, గుట్టల సందున, నీళ్లు మెల్లగ మలుపు తిరిగి మెరుస్తున్నయి.

"ఆ నీళ్లేందే?" అని అడిగింది.

"కృష్ణ అత్తమ్మా. మన బీచుపల్లి కాడ పారేదే."

"అదా? గింత లోపలికొచ్చి గిట్లయిందా?" అన్నది. టైరు మార్చిన్రు, కండక్టర్ ఈల ఏసిండు, అందరు ఎక్కిన్రు. మా ఆయన పిలుస్తుంటే ఆమె గోడను చేత్తోని పట్టుకొని, నన్ను గూడ గాదు, ఎవరినో అడిగినట్టు, "ఇది ఇన్నొద్దులు గీడనే ఉందా?" అన్నది. అరవై దాటిన మనిషి, మగ్గం గుంతలకెల్లి తల ఎత్తి, నన్ను ఎందుకు ఎవరు పిలవలేదని అడిగినట్టనిపించింది.

ఇంటికొచ్చినంక కొన్నొద్దులు ఆమె నేత నేసింది గని మనిషి ఈడ లేదు. ఒకరోజు నాడె చేతుల పట్టుకొని ఆపేసింది. "నేనొక చీర నేస్తనే. రంగులు నావి" అన్నది.

"ఏం రంగులు?"

"గా మలుపు కాడియి."

"మోదుగుపువ్వు రంగు అంచా?" అన్న.

"అట్లెట్ల చెప్తరే ఒక్కసారి చూసి? వానకాలంల ఎట్లుంటదో ఏమో. చూడాలె గద" అన్నది. పిల్లను చూడపోయేటోళ్లు అన్నంత ఖరాకండిగ అన్నది.

గట్ల మొదలైంది మా తిరుగుడు. పేరుకు మల్లన్న దర్శనం. "గుడికా పెద్దమ్మా?" అని బస్సుల ఎవరన్న అడిగితే, "గుడి గూడ ఉంది" అనేది. దర్శనం కాడ రెండు చేతులు జోడించి మూడు మాటల్ల కానిచ్చేది. మలుపు కాడ దిగితే మాత్రం ఒక బస్సు పోనిచ్చి, ఇంకో బస్సు పోనిచ్చి, మాపటికి అడవి గేటు పడుతదని నేను మొత్తుకుంటే గని లేస్తుండకపోయేది. మా ఆయన మొదటిసారి తర్వాత రాలే. ఆటో నడుపుకుంట, "మీ అత్తాకోడండ్లకు పని లేదు" అని నవ్వేటోడు.

వానకాలం పోయినప్పుడు గాలికి నా ఛత్రి తిరగబడ్డది. తడిసి ముద్దయినం. అవతలి గుట్ట రాళ్ల మీదికెల్లి తెల్లగ, సన్నగ నీళ్లు దునుకుతున్నయి, ఎన్ని జాగలనో. కింద కృష్ణ ఎర్రగ, నిండుగ ఉంది. అడవి మీద మాత్రం ఇంకొక రంగు లేదు, అంత పచ్చనే. అత్త చేయి చాపి చూపించుకుంట పోయింది: "గాడ చూడు, గది టేకు పచ్చ. గది ఎదురుబొంగు పచ్చ. దాని కిందిది మళ్ల వేరే. మబ్బు కిందిది వేరే." చూపిస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. "సావుకారు పచ్చ అంటే ఒక్కటే దారం కండె పంపిస్తడే, నేను గదే పచ్చ అనుకున్న" అన్నది. ఏడ్చుకుంట నవ్వింది. వానల కన్నీళ్లు కనవడవు గని ముక్కు చీదుడు తెలుస్తది గద.

"ఇంక పచ్చనేనా మరి?" అన్న తిరుగు బస్సుల.

"దాంట్ల ఏ పచ్చ?" అన్నది. అంతే, ఆ ఏడు దాటింది.

సీతాఫలాల కాలంల పోతే ఆడ ఒక చెంచు ఆమె గంప పెట్టుకొని కూసుండేది. మా అత్తకు, ఆమెకు మంచి దోస్తానా కుదిరింది. ఆకాశం కడిగినట్టుంది ఆ రోజు. ఎక్కడెక్కడి గుట్టలు గూడ అంచులతోని సహా కనవడ్డయి. గడ్డి పండి, కొండ కొండంత గాలికి ఒక్కదిక్కే వంగుతుండె. ఈ గడ్డి రంగు ఏం రంగని అత్త అడిగింది. పసుపు గాదు, తేనె గాదు. "నువ్వు రోజూ చూస్తవు గద, నీకు అలవాటై ఉంటది" అని చెంచు ఆమెతోని అన్నది. "ఏడ అలవాటైతదక్కా. నేను గంప మోసుకొని వచ్చినప్పుడు ఒకటుంటది, కాయలమ్మి లేసేటాల్లకు ఇంకొకటుంటది" అన్నది ఆమె. అత్తకు ఆ మాట శాన నచ్చింది. మగ్గం మీద నేను ఎన్నడన్న విసుగుపడితే చెప్పేది: "లేసేటాల్లకు ఇంకొకటుంటదే, ఆగు."

నేను నిజం చెప్తున్న, నాకు విసుగొచ్చేది. బస్సులు మారుడు, కోతులు, సంచులు, ఈమె మోకాళ్ల నొప్పులు. "అత్తమ్మా, ఏదో ఒకటి తేల్చు. ఇట్ల చూసుకుంట పోతే చీర ఎప్పుడు నేస్తవు?" అని గట్టిగనే అడిగిన. "సావుకారు రంగయితే సప్పున చెప్తుంటినే. నాది గద, భయమైతుంది" అన్నది. అంత నేత నేసిన మనిషి భయమైతుందన్నది. నేను ఇంక అడగలే.

తేలింది ఎప్పుడంటే, ఏమీ కనవడని రోజు తేలింది. నడి చలికాలం. పొద్దున్నే దిగినం. మంచు. గోడ ఉంది, గోడ అవతల లోకమే లేదు. కొండ లేదు, కృష్ణ లేదు, పక్కనున్న చెట్టు సగం లేదు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినంత పనయింది. "ఇంత దూరమొచ్చి గిదా! పా, పోదం" అన్న. ఆమె గొంగడి కప్పుకొని గోడ మీద కూసుంది. "కూసో" అన్నది.

కూసున్న. ఎంతసేపో తెల్వదు. మెల్లగ చెవులకు తెలుసుడు మొదలైంది. ఎక్కడో అడుగున నీళ్ల చప్పుడు. ఒక పిట్ట, దానికి జవాబిచ్చే ఇంకో పిట్ట. కింద మలుపుల లారీ గేరు మార్చుకుంట ఎక్కుతుంటే, ఆ చప్పుడు మా కాళ్ల కిందికెల్లి వచ్చినట్టుండె. కనవడనందుకే గావచ్చు, ఎంత లోతుందో ఆ రోజే నాకు తెలిసింది. గోడను గట్టిగ పట్టుకున్న. దేవుని ముందర నిలబడ్డప్పుడు గూడ నాకు అంత భయం, అంత నెమ్మది ఒక్కపారే ఎన్నడూ కలగలే.

"అంత దీంట్లనే ఉందే" అన్నది అత్త. "మోదుగులు, పచ్చలు, గడ్డి, కృష్ణ, అన్నీ. ఏదీ పోలే. నేను నేసేది గిదే."

"తెల్లదా?" అన్న.

ఆమె జవాబియ్యకముందే మంచు అడుగుకెల్లి జర లేచింది. గోడకు కింద, సన్నగ, తడిసిన అడవి ఒక్క వరుస కనవడ్డది. నలుపుకు దగ్గరి పచ్చ. కండ్లు మూసి తెరిచేలోపల మళ్ల కప్పుకుపోయింది. "అంచు" అన్నది అత్త.

ఇంట్ల లొల్లి లేచింది. లేవదా మరి! మా మామ పోయి శాన ఏండ్లాయె. ముసలామె తెల్లచీర నేస్తుందంటే వాడకట్టంత ఒకటే అర్థం తీసింది. మా ఆయన అన్నం ముందలకెల్లి లేచిండు. "మగ్గం పెట్టిన కాడికెల్లి మన ఇంట్ల తెల్ల చీర దిగలే. నీకేం కర్మ?" అన్నడు. ఆమె ఇంచు గూడ కదల్లే. "తెల్లదంటే ఏం లేనిదనుకుంటున్నవా కొడకా? నువ్వు ఆ మంచుల కూసోని చూడలే గద, నీకెట్ల తెలుస్తది" అన్నది. కొంచెమన్న కోపం లేదు గొంతుల.

పడుగు వేసేటాయన కాడ ఇంకో తంటా. ఒక పడుగు మీద నాలుగైదు చీరలు దిగుతయి. ఒక్క చీరకు పడుగు ఎవరు వేస్తరు? "పెద్దమ్మా, ఒక్క రొట్టెకు పొయ్యి ముట్టిస్తరా?" అని నవ్విండు. "ఆకలి ఒక్కరికే ఉంటే ముట్టియ్యాలె గదా బిడ్డా" అన్నది. ముట్టిచ్చిండు.

సావుకారు చీరల నడుమ సందు చూసి ఈ పడుగు ఎక్కించినం. ఆ కొన్నొద్దులు మా అత్తను మీరు చూసుండాలె. ఎప్పుడూ చేతులు నేస్తుంటే నోరు వాడకట్టు ముచ్చట్లు చెప్తుండేది. ఈ చీర మీద మాట లేదు. తెల్ల నూలు మీద చేయి పెట్టి, చూసి, మళ్ల పేక వేసేది. ఒక్క పోగు గూడ తొందర పడలే. మా తాన కొంగు ఆఖరుకు నేస్తం. అది మొత్తం పట్టు. నూలు పడుగు అయిపోయే కాడ పట్టు పోగులు ఒక్కొక్కటి అతికి కొంగు మొదలుపెట్టాలె. "కొంగుకు ఏం రంగు తెప్పియ్యాలె?" అని అడిగిన.

"అది ఇంకా చూడలే" అన్నది. "వానలు పడనీ, పోదం."

వానలు పడకముందే జ్వరమొచ్చింది. ఊపిరి అందలే. దవాఖానల పెట్టినం. మాస్కు తీసి ఏదో చెప్పబోయేది, నర్సమ్మ మళ్ల పెట్టేది. చీర గురించే గావచ్చు, గాకపోవచ్చు. నేను ఆమె చేయి పట్టుకొని కూసున్న, ఈసారి గూడ ఎడమదిక్కే. తొలివాన గద్వాలల పడ్డ పొద్దున ఆమె పోయింది.

దినాలయ్యేదాక మగ్గం ముట్టలే. అయినంక సావుకారు ఇంటికొచ్చిండు. గుంత కాడ వంగి, కండ్లద్దాలు పెట్టుకొని చూసిండు. "నేత బంగారమసొంటిదమ్మా. అబద్ధం చెప్ప. కానీ తెల్లది ఎవరు తీస్కుంటరు? పెండ్లిండ్ల సీజన్ ముందల పెట్టుకొని మగ్గం ఖాళీ పెట్టొద్దు. ఆడికి కోసి, పెద్దామె గురుతుకు పెట్టెల పెట్టుకోండ్రి. రేపు నా పడుగు పంపిస్త" అన్నడు. ఆయన మాటల తప్పు లేదు. ఇల్లు నడవాలె. కొంగు లేని చీర చీర గాదు, గుడ్డ. గట్ల కోస్తే మా అత్త బతుకు మొత్తంల ఒక్కటంటే ఒక్కటి గూడ ఆమె చీర లేకుండ అయితది. మా ఆయన దిక్కు చూసిన.

"ఉండనీ సేటు" అన్నడు మా ఆయన. "అమ్మది దిగినంక మీది ఎక్కుతది."

తెల్లారి ఆటో తాళాలు మొలకు తగిలించుకొని వచ్చి మగ్గం ముందల నిలబడ్డడు. నేసుడు ఇడిసిపెట్టి ఎన్నో ఏండ్లాయె. "నేను యాడ కూసోవాలె?" అని అడిగిండు. నేను కుడిదిక్కుకు జరిగిన. ఆయన ఎడమదిక్కు దిగిండు. మొదట మొదట పోగులు తెంపిండు, తిట్టించుకున్నడు, మెలేసుడు మళ్ల నేర్సుకున్నడు. పేక మీద అత్త ఏసే దెబ్బ గట్టిది, నాది జర మెత్తన. ఆమెది ఆగి నాది మొదలైన జాగల చేత్తోని తడిమితే తెలుస్తది. నేను అది దాచనీకి చూడలే. నడుమదంత అయింది. కొంగు కాడికొచ్చి ఆగినం.

"ఏం రంగో అమ్మ చెప్పిందా?" అన్నడు.

"చూడలే అన్నది."

ఆయన నూలును చేత్తోని తడిమిండు. "నేను గూడ గా మలుపు కాడికి రానా?" అన్నడు మెల్లగ. "చలికాలంల రా, మంచు పడ్డప్పుడు. నీకు చూపిస్త" అన్న. పోయిన వారం ఒక్కదాన్నే బస్సెక్కిన.

మలుపు కాడ దిగేటాల్లకు ముసురు. చెంచు ఆమె బోడకాకరకాయలు పెట్టుకొని కూసుంది. నా ఎనక చూసింది, బస్సు దిక్కు చూసింది. "అక్క రాలే?" అన్నది. చెప్పిన. వచ్చి నా చేతులు రెండు పట్టుకొని జరసేపు నిలబడి, మళ్ల గంప కాడికి పోయింది.

గోడ మీద కూసున్న. ఇన్ని తాపలు వచ్చిన గని, నేను ఎప్పుడూ అత్తనే చూసిన, కోతులను చూసిన, తిరుగు బస్సును చూసిన. ఈసారి చూసేది నేనే. మబ్బులు గుట్టల మీద పడుకొని ఉన్నయి. అంత ఒక్కతీరు, చీకటి పచ్చ. కృష్ణ మబ్బు రంగుల కలిసి ఉందో లేదో తెలుస్తలేదు. వాన కొట్టింది, తగ్గింది, మళ్ల కొట్టింది. ఏ రంగూ నా కండ్లకు ఆనుతలేదు. ఖాళీ చేతులతోని ఇంటికి పోతనేమో అనిపించింది.

అప్పుడు మబ్బుల ఒక్క జాగ చినిగింది. అండ్లకెల్లి ఎండ దిగి, ఇవతలి కొండ మీద పడ్డది, అంగడి జాగంత ఉంటదేమో. ఎండ పడ్డ కాడ తడి అడవంత ఒక్కసారి వెలిగింది. దాని చుట్టూ చీకటి పచ్చ అట్లనే ఉంది. వెలిగినది మాత్రం పచ్చ గాదు, బంగారం గాదు, దానికి పేరు లేదు. ఆ వెలుగు ఆగలే. మబ్బు కదిలినట్టు మెల్లగ కొండ దిగుతుండె. అది పోయిన ఎనక చెట్లు మళ్ల చీకటయితున్నయి, అది ముట్టిన చెట్లు లేచి నిలబడుతున్నయి. ఊపిరి బిగబట్టుకొని చూసిన. పట్టుకు రంగులేసేటాయనకు దీన్ని ఎట్ల చెప్పాలో నాకు తెల్వదు. ఎన్ని తాపలు ముంచినా, ఎన్ని కండెలు పాడైనా సరే, చెప్త.

"అత్తమ్మా, కొంగు!" అన్న. అని పక్కకు తిరిగిన.

గోడ తడిసి ఉంది. మళ్ల ఇటు తిరిగేలోపల వెలుగు కృష్ణలకు దిగి, నీళ్లను ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డు దాక ఒక్కసారి చూపించి, అవతలి గుట్ట ఎక్కుతుండె.